తైక్వాండో మాస్టర్లను జిల్లాలకూ రప్పించాలి

సంపాదకులకు నమస్కారం.

కరీంనగర్‌లో పిల్లలకు తైక్వాండో నేర్పుతున్నాను. హైదరాబాద్‌లో ఓ కొరియన్ మాస్టర్ పెట్టిన శిబిరానికి వెళ్లొచ్చాక నా శిక్షణ తీరే మారిపోయింది. ఆయన పెద్దగా మాట్లాడలేదు. నేను డోల్యో చాగి (కాలిని పక్క నుంచి గుండ్రంగా తిప్పి కొట్టే కిక్) కొడుతుంటే పక్కన కూర్చుని, నేల మీదున్న కాలి మడమను చేత్తో పట్టుకుని లక్ష్యం వైపు తిప్పారు. అంతే, నడుము దానంతటదే తిరిగింది, మోకాలి మీద భారం తగ్గింది. వీడియోలు ఎన్ని చూసినా ఇది పట్టుబడలేదు.

గొప్పవాళ్లను చూస్తే కిక్కులే కాదు, నడవడిక కూడా అబ్బుతుంది. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో జోర్డాన్ ఆటగాడు అహ్మద్ అబుఘౌష్ చేతిలో ఓడిన కొరియా మేటి లీ డే హూన్, ప్రత్యర్థి చేతిని తానే పైకెత్తి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత కాంస్యం గెలిచాడు. పోటీలకు ముందు టెన్షన్ పడే మా పిల్లలకు ఈ సంగతే చెబుతుంటాను.

అయితే ఇలాంటి శిబిరానికి ఫీజు, ప్రయాణం, బస ఖర్చులు భరించడం కూలి పనులకెళ్లే తల్లిదండ్రుల తరమా? పేరున్న మాస్టర్లు రాష్ట్రానికి వచ్చినప్పుడు జిల్లా స్టేడియాల్లో ఒక్క రోజైనా ఉచిత తరగతి పెట్టించాలని క్రీడాశాఖను కోరుతున్నాను.

— ఒక తైక్వాండో శిక్షకురాలు, కరీంనగర్