లీటరుకు మూడున్నర గ్రాములన్నది కొత్త నూనె లెక్క

సంపాదకులకు,

వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చేసే విధానం గురించి వచ్చే వ్యాసాల్లో తరచూ ఒకటే కొలత కనిపిస్తోంది: లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్, మూడున్నర గ్రాముల కాస్టిక్ సోడా. అది కొత్త నూనెకు సరిపోయే లెక్క. కాగి కాగి నల్లబడిన నూనెకూ అంతే వేస్తే నూనె బయోడీజిల్‌గా మారే చర్య సగంలో ఆగిపోతుంది.

నూనె తడి తగులుతూ పదేపదే కాగినప్పుడు కొవ్వు విరిగి ఆమ్లాలు విడివడతాయి. మనం వేసిన సోడాలో కొంత ముందుగా వీటికే ఖర్చయి సబ్బుగా మారుతుంది. ఎంత ఖర్చవుతుందో నూనెను చూసి చెప్పలేం, ప్రతి విడతకూ పరీక్షించాల్సిందే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము కాస్టిక్ సోడా కరిగించి ఉంచుకోవాలి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక ద్రావణం) వేసి, లేత గులాబీ రంగు వచ్చేదాకా ఆ సోడా నీళ్లు చుక్కచుక్కగా కలపాలి. ఆల్కహాల్‌లోని ఆమ్లం లెక్కలో చేరకుండా ఈ జాగ్రత్త. తర్వాత వడకట్టిన నూనె 1 మి.లీ. కలిపితే రంగు పోతుంది. సిరంజితో మళ్లీ సోడా నీళ్లు వదులుతూ, గులాబీ రంగు పదిహేను సెకన్లు నిలిచినప్పుడు ఆపాలి. ఈ రెండోసారి ఎన్ని మి.లీ. పడితే లీటరు నూనెకు అన్ని గ్రాములు అదనం. 2.5 పడితే మొత్తం 6 గ్రాములు, అంటే 20 లీటర్లకు 120. ఆరేడు మి.లీ. దాటిన నూనెతో ఇంధనం కన్నా సబ్బే ఎక్కువ వస్తుంది. దాన్ని మంచి నూనెలో కొద్దికొద్దిగా కలిపి వాడుకోవడం నయం. మూత సరిగా పెట్టక గాలి తగిలి గడ్డకట్టిన సోడాను ఎంత జాగ్రత్తగా తూచినా లాభం లేదు, దాని బలం అప్పటికే తగ్గి ఉంటుంది.

నీరు కూడా ఇంతే చేటు చేస్తుంది. కాలిన మూకుడులో చెంచాడు నూనె వేసినప్పుడు చిటపటమంటే తడి ఉన్నట్టే. అలాంటి నూనెను 60 డిగ్రీలకు వేడిచేసి, రాత్రంతా తేరనిచ్చి, అడుగు నీరు తీసేయాలి.

సోడాను మిథనాల్‌లో పూర్తిగా కరిగించాకే 55 డిగ్రీల నూనెలో కలిపి, మూసిన పాత్రలో గంటసేపు తిప్పాలి. మిథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అందుకే అంతకు మించి వేడి వద్దు. అల్యూమినియం పాత్ర అసలే పనికిరాదు. సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

మర్నాటికి ముదురు రంగు గ్లిజరిన్ అడుగున దిగుతుంది. దాన్ని తీసేశాక చాలామంది నేరుగా నీటితో కడగడానికి దిగుతారు. అప్పుడే పాలలా తెల్లగా కలిసిపోయి ఎంతకీ విడిపోని మిశ్రమం తయారవుతుంది. తప్పు కడగడంలో కాదు, చర్య పూర్తికాకపోవడంలో, సబ్బు ఎక్కువవడంలో. అందుకే కడిగే ముందు 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. ఇంధనం పోసి కుదిపి అరగంట ఉంచండి. అడుగున నూనె బొట్టు కనిపిస్తే చర్య పూర్తికానట్టే, మళ్లీ కొంత మిథనాల్, సోడా వేసి తిప్పాలి. కడిగినదాన్ని తేటగా మెరిసేదాకా ఆరబెట్టాలి. మసకగా ఉందంటే తడి మిగిలినట్టు.

పాత వాహనంలో మొదటిసారి పోసినప్పుడు ఫిల్టర్ త్వరగా మూసుకుపోవచ్చు. ట్యాంకులో ఏళ్లుగా పట్టిన మడ్డిని బయోడీజిల్ కరిగించి లాక్కొస్తుంది. మామూలు రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి కూడా.

ఇలాంటి వ్యాసం మళ్లీ వేసేటప్పుడు పైన చెప్పిన సోడా నీళ్ల పరీక్ష (టైట్రేషన్) పద్ధతితో పాటు మిథనాల్ గురించిన హెచ్చరికను కూడా పెట్టెకట్టి ముద్రించాలని మా విన్నపం. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, కడుపులోకి పోతే చూపు పోతుంది, పట్టపగలు దాని మంట కంటికి కనబడదు.

— ఇంధన తయారీలో పనిచేసే కొందరు పాఠకులు