నౌరూ: తవ్వేసిన దేశం

సంపాదకుడికి,

చిన్న దేశాలనగానే మాల్దీవుల దగ్గరే ఆగిపోతాం. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లే ఉన్న నౌరూ గురించీ పాఠకులకు చెప్పాలి. పసిఫిక్‌లో భూమధ్యరేఖకు కాస్త దిగువన ఉంటుంది. అధికారిక రాజధాని లేదు. ప్రభుత్వ కార్యాలయాలు యారెన్‌లో ఉన్నాయి.

దాని తలరాత మార్చింది ఓ రాయి. నౌరూ నుంచి తెచ్చిన ఆ రాయిని సిడ్నీలోని ఒక కంపెనీ ఆఫీసులో, రాయిగా మారిన చెక్క అనుకుని తలుపుకు అడ్డం పెట్టారు. 1899లో ఆ కంపెనీ ఉద్యోగి ఆల్బర్ట్ ఎల్లిస్ పరీక్షిస్తే నాణ్యమైన ఫాస్ఫేట్ అని తేలింది! 1906 నాటికి తవ్వకాలు మొదలయ్యాయి. ఎరువై పండించింది ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలను.

అక్కడ ఫాస్ఫేట్ సున్నపురాయి స్తంభాల సందుల్లో ఉంటుంది. దాన్ని తోడేస్తే మిగిలేవి మనిషిని మించిన ఎత్తున్న కోసురాళ్లే. అక్కడ దుక్కి సాగదు, ఇల్లు లేవదు. మళ్లీ వాడుకోవాలంటే స్తంభాలు కొట్టి, చదును చేసి, పైన మట్టి పరవాలి. దీవి నడిమి పీఠభూమి చాలావరకు ఇలాగే ఉంది. జనం తీరం వెంట సన్నని పట్టీలో సర్దుకున్నారు.

1968 జనవరి 31న స్వాతంత్ర్యం వచ్చింది. అంతకుముందు తనను పాలించిన ఆస్ట్రేలియాపై, తవ్వి పాడుచేసిన నేలను బాగుచేయలేదంటూ 1989లో అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 1993లో రాజీ కుదిరింది. పరిహారం వచ్చింది గానీ, కోసురాళ్లు చాలావరకు అలాగే ఉన్నాయి.

— ఒక పాఠకుడు