ఏడాది ఒక్కటే రాస్తే చాలదు, పత్రిక పేరూ నంబరూ కావాలి

సంపాదకులకు,

సూపర్ హీరో సినిమా ఏది విడుదలైనా ఆదివారం అనుబంధాల్లో ఆ హీరో పుట్టుక గురించి ఓ బాక్స్ ఐటం వస్తుంది. ‘ఐరన్ మ్యాన్ కామిక్ 1963లో మొదలైంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అట్ట మీది తేదీ ప్రకారం ఏడాది సరైనదే. కానీ 1963లో ఆ పేరుతో పుస్తకమే లేదు. ‘ఐరన్ మ్యాన్’ అనే పత్రిక ఒకటో నంబరు 1968 మే నెలది. బాక్స్ చదివి పాత సంచికల కోసమో, పునర్ముద్రణల కోసమో వెతికేవాళ్లు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతున్నారు.

ఐరన్ మ్యాన్ పుట్టింది ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 39వ సంచికలో. అట్ట మీద నెల 1963 మార్చి. దుకాణాలకు వచ్చింది మాత్రం 1962 డిసెంబరులోనే. కొట్టువాడు పాతబడిందని తీసి పక్కన పడేయకుండా అమెరికా కామిక్స్ మీద రెండు మూడు నెలల తర్వాతి తేదీ వేయడం అప్పటి రివాజు. ధర 12 సెంట్లు. 1959 జనవరిలో మొదలైన ఈ పత్రిక రాకాసి కథలు, అంతరిక్ష కథలు వేసే సంకలనం. సంచికకు కొన్ని విడి కథలు, ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. 39లో కూడా ఐరన్ మ్యాన్‌కు దక్కినవి 13 పేజీలే, మిగతావన్నీ ఎప్పటిలాంటి చిన్న కథలు. కథ స్టాన్ లీది, మాటలు ఆయన తమ్ముడు లారీ లీబర్‌వి, బొమ్మలు డాన్ హెక్‌వి, అట్టబొమ్మ జాక్ కర్బీది. అందులో కవచం బూడిద రంగు. 40వ సంచిక కథలోనే దానికి బంగారు రంగు వేశారు. అందరికీ తెలిసిన ఎరుపు, బంగారు రంగుల కవచం 48లో స్టీవ్ డిట్కో చేతిలో తయారైంది.

కొత్త హీరోకు కొత్త పుస్తకం ఎందుకు పెట్టలేదన్నది అసలు సంగతి. దాన్ని వ్యాసాలన్నీ వదిలేస్తాయి. కారణం పంపిణీ. ఈ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ యజమాని మార్టిన్ గుడ్‌మన్ 1956లో సొంత పంపిణీ సంస్థను మూసేసి అమెరికన్ న్యూస్ కంపెనీకి పుస్తకాలు అప్పగించాడు. మరుసటి ఏడే ఆ కంపెనీ చేతులెత్తేసింది. మిగిలిన దారి ఇండిపెండెంట్ న్యూస్. అదేమో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే పోటీదారుల సొంత సంస్థ. నెలకు ఎనిమిది టైటిళ్లకు మించి మోయం అని వాళ్లు షరతు పెట్టారు. రెండు నెలలకోసారి వచ్చే పత్రికలుగా మార్చి పదహారు పేర్ల వరకూ నడిపారు గానీ, కొత్త పేరు పెట్టాలంటే ఉన్నదొకటి ఆపాల్సిందే. అందుకే కొత్త హీరోలను నడుస్తున్న సంకలనాల్లోకి దించారు. థోర్ ‘జర్నీ ఇంటు మిస్టరీ’ 83లో, డాక్టర్ స్ట్రేంజ్ ‘స్ట్రేంజ్ టేల్స్’ 110లో, స్పైడర్ మ్యాన్ ‘అమేజింగ్ ఫాంటసీ’ 15లో వచ్చింది అలాగే.

తర్వాత ఒక పుస్తకాన్ని ఇద్దరికి పంచడం మొదలైంది. ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 58లో (1964 అక్టోబరు) ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా కొట్టుకుంటారు. 59 నుంచి సగం పుస్తకం కెప్టెన్‌ది. ఒకరికి సుమారు 12 పేజీలు, మరొకరికి 10. పది పేజీల్లో విలన్ రావాలి, గొడవ ముదరాలి, తేలాలి. తేలదు. దాంతో కథలు మన వారపత్రికల సీరియళ్ల దారి పట్టాయి: మొదటి పేజీ నిండా ఒకే బొమ్మ, దాని మీదే జరిగిన కథ రెండు ముక్కల్లో, చివరి గడిలో హీరో పీకల మీదకు వచ్చిన ఆపద. 79 నుంచి 81 దాకా సాగిన కెప్టెన్ ‘కాస్మిక్ క్యూబ్’ కథ చూస్తే కర్బీ ఈ ఇరుకును ఎంత బాగా వాడుకున్నాడో తెలుస్తుంది. ఒక్క గడి వృథా పోదు. 63 నుంచి 71 వరకూ ఇంకో విశేషం ఉంది. ఐరన్ మ్యాన్ సగం 1965లో జరుగుతుంటే, కెప్టెన్ సగం రెండో ప్రపంచయుద్ధంలో నడుస్తుంది. రెండూ ఒకే రెండు పిన్నుల మధ్య. హీరోలవారీగా విడదీసిన నేటి సంపుటాల్లో ఈ అనుభవం దొరకదు. పైగా కొన్ని ప్రచురణల్లో 58వ సంచిక ఐరన్ మ్యాన్ సంపుటంలోకి పోతుంది కాబట్టి, 59తో మొదలయ్యే కెప్టెన్ సంపుటం చదివేవారికి ఆ ముందు జరిగిన కథ తెలియదు. 58 చదివాకే 59 పట్టుకోవాలి.

1968లో పంపిణీ పట్టు సడలింది, జంటలన్నీ విడిపోయాయి. చిక్కులన్నీ ఇక్కడే. పేరు మార్చినా పాత వరుస నంబరే కొనసాగిస్తే తపాలా రాయితీ పర్మిట్ కొత్తగా తీసుకోనక్కర్లేదు. అందుకని ఇద్దరిలో ఒకరు పాత నంబరును వారసత్వంగా పుచ్చుకున్నారు, రెండోవారు ఒకటి నుంచి మొదలెట్టారు. ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 99 తర్వాత వచ్చింది ‘కెప్టెన్ అమెరికా’ 100. ఐరన్ మ్యాన్ కథ మధ్యలో ఆగితే, ‘ఐరన్ మ్యాన్ అండ్ సబ్‌మెరినర్’ (సబ్‌మెరినర్ ఇంకో మార్వెల్ హీరో) అని ఒకే ఒక్క సంచిక వేసి, అక్కడి నుంచి ‘ఐరన్ మ్యాన్’ 1కి తీసుకెళ్లారు. ఆ ఒక్క సంచిక లేకపోతే కథ తెగిపోతుంది. సెట్టు కొనేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దాన్నే.

అలాగే లేని సంచికల కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. హల్క్‌కు 1962–63లో సొంత పత్రిక ఆరు సంచికలు వచ్చి ఆగింది. తర్వాత అతను ‘టేల్స్ టు అస్టోనిష్’ 60 నుంచి 101 వరకూ సగం పుస్తకంలో తలదాచుకుని, 102తో మళ్లీ సొంత పేరుకొచ్చాడు. ఆ వరుసలో ‘ఇంక్రెడిబుల్ హల్క్’ 7 నుంచి 101 వరకూ అసలు అచ్చే కాలేదు. ‘డాక్టర్ స్ట్రేంజ్’ 1968లో 169తో మొదలవుతుంది. ఒకటో నంబరు అని ఎవరైనా చూపిస్తే అది 1974లో మొదలైన వేరే వరుసది. ‘థోర్’ పత్రిక మొదటి నంబరు 126. ‘కెప్టెన్ అమెరికా’ పాత వరుస 1954లో 78 దగ్గర ఆగింది, 79 నుంచి 99 వరకూ లేవు. ఇవి పోయిన సంచికలు కావు. వీటికోసం అడ్వాన్సు ఇవ్వకండి.

అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, అట్టను నమ్మొద్దు. పునర్ముద్రణల మీద పాత అట్టబొమ్మే ఉంటుంది. లోపల చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాలు చదవండి: పేరు, నంబరు, నెల, ఏడాది. అట్ట పైభాగం అడ్డంగా కోసేసి ఉంటే అది పిల్లల పని కాకపోవచ్చు. అమ్ముడుపోని కాపీల అట్టముక్క చింపి పంపితే అక్కడి దుకాణదారుకు డబ్బు వాపసు వచ్చేది, మిగిలిన పుస్తకాన్ని కొందరు గుట్టుగా అమ్ముకునేవారు. అరవైల తొలినాళ్ల మార్వెల్ అట్టల కుడి అంచు గీరుకుపోయి, పొడిపొడిగా రాలుతూ ఉండటం మామూలే. కోత యంత్రం బ్లేడు మొద్దుబారి అలా నలిపేసేది. దాన్ని చూసి నకిలీ అనుకోనక్కర్లేదు.

మనవాళ్లకు సీరియళ్లు చింపి బైండు చేయించే మంచి అలవాటు ఉంది. ఈ కామిక్స్‌కు మాత్రం ఆ పని చేయకండి. బైండరు మూడు వైపులా కోస్తాడు, కుట్టు కోసం రంధ్రాలు పొడుస్తాడు. అంచు గడుల్లో మాటలు పోతాయి. సెల్లో టేపు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ముందు పోయేవి పిన్నులు. తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. పాలీప్రొపిలీన్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, ఎండ తగలని అల్మరా చాలు. పీవీసీ కవర్లు వద్దు, అవి అట్టకు అంటుకుపోతాయి.

పత్రికలవారికి మా మనవి చిన్నది. హీరో పుట్టిన ఏడాది వేసినప్పుడు పక్కనే పత్రిక పేరు, సంచిక నంబరు, అట్ట మీది నెల కూడా వేయండి. ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్ 39, 1963 మార్చి’. బాక్సులో ఒక్క లైను పడుతుంది.

— పాత కామిక్స్ పాఠకులు, హైదరాబాద్