ఆ కారు ఎన్ని కిలోమీటర్లు నడిచింది?

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. గత వారం మీ జిల్లా పేజీలో, ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు సౌరశక్తితో నడిచే కారును తయారుచేశారన్న వార్త ఫొటోతో సహా వచ్చింది. కారు ముందు కొబ్బరికాయ కొట్టారు, పైన బంతిపూల దండ వేశారు, అతిథులు రెండు వరుసల్లో నిలబడ్డారు, కారు చేసిన పిల్లలు వాళ్ల భుజాల వెనక నుంచి తొంగి చూస్తున్నారు. ఆ దండ సరిగ్గా సోలార్ ఫలకల మీదే పడి ఉండటం చూసి నాకు నవ్వు ఆగలేదు. ఒక్క సెల్లు మీద నీడ పడినా దానితో వరసగా కలిపిన మిగతా సెల్లుల కరెంటు కూడా పడిపోతుంది కాబట్టి, గౌరవించబోయి ఆ బండికి ఊపిరాడకుండా చేశామన్నమాట. అది చిన్న విషయం, వదిలేద్దాం. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. రిబ్బను ఎవరు కత్తిరించారో, ఎంత ఖర్చయిందో, ఎవరెవరు ప్రసంగించారో ఆ వార్తలో ఉంది. ఆ కారు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో మాత్రం మొదటి నుంచి చివరి దాకా వెతికినా నాకు కనిపించలేదు.

పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పటమటలో, ఆటోనగర్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటాను. సోలార్ కారు విషయంలో కిలోమీటర్ల లెక్క ఒక వివరం మాత్రమే కాదనీ, అసలు సంగతి అదేననీ మీ పాఠకులకు చెప్పాలని ఉంది.

సోలార్ కార్ల పందాల పుట్టుకే దూరంతో ముడిపడి ఉంది. 1982 డిసెంబరులో హాన్స్ థోల్‌స్ట్రప్, ల్యారీ పెర్కిన్స్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ఇంట్లో తయారైన ఒక సోలార్ బండిలో బయలుదేరి, సుమారు 4,000 కిలోమీటర్లు నడిపి, ఇరవై రోజుల్లో సిడ్నీ చేరారు. ఆ ప్రయాణం నుంచే 1987లో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా జరిగే ప్రపంచ సోలార్ పందెం మొదలైంది. ఆ ఖండాన్ని ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు దాటే ఆ దారి సుమారు 3,000 కిలోమీటర్లు ఉంటుంది, అంటే మన ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మూడుసార్లు వెళ్లినంత. ఉదయం 8 గంటలకు బయలుదేరి సాయంత్రం 5 గంటలకు ఎక్కడ ఉంటే అక్కడే, రోడ్డు పక్కనే గుడారాలు వేసుకుని పడుకోవాలి. మొదటి ఏడాది గెలిచిన జనరల్ మోటార్స్ వారి సన్‌రేసర్ సగటు వేగం గంటకు 66.9 కిలోమీటర్లు. 2005లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ నూనా కారును గంటకు 102.75 కిలోమీటర్ల సగటున నడిపి గెలిచారు. అదే డెల్ఫ్ట్ వారి కారు 2019లో చివరి రోజున అందరికన్నా ముందు పోతూ, గమ్యం ఇంకా సుమారు 250 కిలోమీటర్లు ఉందనగా నిప్పంటుకుని కాలిపోయింది. నడుపుతున్న మనిషి క్షేమంగా బయటపడ్డాడు, బెల్జియం విద్యార్థులు గెలిచారు. డార్విన్‌లో తీసిన ఫొటోలను బట్టి ఈ ఫలితాన్ని ఎవరు ఊహించగలరు?

ఆ కార్లు ఎంత కరెంటుతో నడుస్తాయో తెలిస్తే ఈ కష్టం ఇంకా బాగా అర్థమవుతుంది. బండ్లు మరీ వేగంగా పోతున్నాయని నిర్వాహకులు ఫలకల వైశాల్యాన్ని విడతలవారీగా తగ్గిస్తూ వచ్చి, 2017లో సిలికాన్ ఫలకలను 4 చదరపు మీటర్లకు పరిమితం చేశారు. నిట్టనిలువు ఎండలో ఒక చదరపు మీటరు మీద పడే శక్తి సుమారు 1,000 వాట్లు, అందులో మంచి సిలికాన్ సెల్లు కరెంటుగా మార్చేది నాలుగో వంతుకు కాస్త తక్కువ. లెక్క కడితే ఆ 4 చదరపు మీటర్ల నుంచి మొత్తం కారుకు దొరికేది ఇంచుమించు మన ఇంట్లో ఇస్త్రీ పెట్టెకు పట్టేంత కరెంటు. ఆ కరెంటుతో లోపల ఒక మనిషిని కూర్చోబెట్టుకుని గంటకు 80 కిలోమీటర్లకు పైగా పోవాలంటే, గాలి అడ్డగింపులోనూ చక్రాల రాపిడిలోనూ ఒక్కొక్క వాటును ఏరుకోవలసిందే. పైగా గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 100కు పెంచితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఇది ఎవరు ఎక్కువ తొక్కగలరన్న పందెం కాదు. మబ్బు ఎప్పుడు పడుతుంది, బ్యాటరీలో ఎంత మిగిలింది, ఈ ఎండకు ఏ వేగం సరిపోతుంది అని వెనక వ్యానులో కూర్చున్న పిల్లలు నిమిషం నిమిషం లెక్కలు వేసుకుంటూ ఉంటారు. కళాశాల ఆవరణలో రెండు చుట్లు తిప్పితే ఈ విద్య రమ్మన్నా రాదు.

బెజవాడ వాళ్లకు ఎండను గురించి ఒకరు చెప్పవలసిన అవసరం లేదని అనుకుంటాం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు కదా, సోలార్ కారుకు ఇంతకన్నా మంచి చోటు ఏముంటుందని నన్ను చాలామంది అడిగారు. నిజానికి సోలార్ సెల్లుకు కావలసింది వెలుతురు, వేడి కాదు. సెల్లు వేడి 25 డిగ్రీలు దాటినప్పటి నుంచి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం చొప్పున దాని ఉత్పత్తి తగ్గుతూ పోతుంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద నిలబెట్టిన కారు ఫలక 65 డిగ్రీలకు చేరిందంటే రావలసిన కరెంటులో ఏడో వంతు అక్కడే ఆవిరైపోయినట్టు. దాని మీద లారీలు లేపే దుమ్ము సరేసరి. పైకి చూస్తే ఎండ మండిపోతూ ఉంటుంది, మీటరు మాత్రం కిందికి పోతూ ఉంటుంది. సంక్రాంతి తరవాత, శివరాత్రి లోపల, ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా ఉండే రోజుల్లో ఇదే కారు ఎండలో కూడా హాయిగా నడుస్తుంది. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. రోడ్డు మీద తెలుసుకుంటే జన్మలో మరచిపోరు.

రెండేళ్ల కిందట ఒక కళాశాల పిల్లలు తమ సోలార్ కారు చక్రాన్ని పట్టుకుని ఆటోనగర్‌లో నా పాత విద్యార్థి లేత్ షెడ్డుకు వచ్చారు. నేను అక్కడ టీ తాగుతూ కూర్చుని ఉన్నాను. బ్యాటరీ తాము లెక్క వేసిన దానికన్నా ముందే ఖాళీ అవుతోందనీ, మోటారు మార్చాలేమోననీ వాళ్ల అనుమానం. షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న టర్నరు ఒకాయన ఏమీ మాట్లాడకుండా చక్రాన్ని షాఫ్టు మీద ఎక్కించి, చేత్తో ఒక్క తిప్పు తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఇరవై సెకన్లకల్లా చక్రం ఆగిపోయింది. బేరింగులో లారీ హబ్బుకు దట్టించినట్టు చిక్కటి గ్రీజు దట్టించారు, బ్రేకు ప్యాడ్ డిస్కుకు వెంట్రుకవాసి రాసుకుంటోంది. ఆయన గ్రీజు అంతా కడిగించి, పల్చటి నూనె నాలుగు చుక్కలు వేసి, ప్యాడ్ వెనక షిమ్ము అనే సన్నటి రేకు ముక్క పెట్టి మళ్లీ తిప్పాడు. ఈసారి చక్రం రెండు నిమిషాలు దాటినా తిరుగుతూనే ఉంది. ఆ జట్టులో ఒక అమ్మాయి సెల్‌ఫోనులో టైము చూస్తూ, "బాబాయ్, ఇంకా తిరుగుతోంది!" అని కేకపెట్టింది. "లారీకి ఇది లెక్కలోకి రాదమ్మా, మీ బండికి ఇదే ప్రాణం," అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. 1960ల నుంచి లారీల బాడీలు కట్టి, ఇంజన్లు విప్పి బిగించి నేర్చుకున్న ఇలాంటి చేతులు ఆటోనగర్‌లో వీధి వీధికీ ఉన్నాయి. పక్కనే ఉన్న కళాశాలలు వాళ్లను ఒక్క రోజు అతిథి ఉపన్యాసానికైనా పిలిచిన దాఖలా నా దృష్టికి రాలేదు.

ఆ తరవాతి ఆదివారం తెల్లవారుజామున పిల్లలు కారును రోడ్డు మీదకు తీశారు. పట్టుమని నాలుగు కిలోమీటర్లు పోయారో లేదో పోలీసు కానిస్టేబులు ఆపి నంబరు ప్లేటు ఏదని అడిగాడు. "ఇది బండి కాదు సార్, ప్రాజెక్టు," అన్నాడు నడుపుతున్న కుర్రాడు. ఈ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం గానీ, కానిస్టేబులు చేసింది తప్పు కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. వాహనాల కంపెనీలకైతే ఇంకా రిజిస్ట్రేషను కాని బండ్లను నడుపుకోవడానికి ట్రేడ్ సర్టిఫికెట్టు సదుపాయం ఉంటుంది. ఒకే ఒక కారును చేత్తో చేసుకున్న పిల్లలు ఏ కిటికీ దగ్గర నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పరు. కారును తోసుకుంటూ వెనక్కి తెచ్చారు.

దీనికి దారి చట్టంలోనే ఉందన్నది చాలామందికి తెలియదు. 2019 సవరణలో చేర్చిన 2బి సెక్షను, వాహన రంగంలో నూతన ఆవిష్కరణలనూ పరిశోధననూ ప్రోత్సహించడానికి కొన్ని రకాల వాహనాలకు ఈ చట్టం నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి రాష్ట్ర రవాణా శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ప్రతిపాదన పంపాలి. బ్రేకులు, బెల్టు, బ్యాటరీ రక్షణ ఒక అధికారి పరీక్షించాక, బీమా చేయించాక, ముందొకటి వెనకొకటి వాహనం తోడుగా, చెప్పిన రోజున చెప్పిన దారిలో పగటిపూట మాత్రమే నడుపుకునేలా విద్యార్థుల సోలార్ కార్లకు అనుమతి ఇమ్మని అడగాలి. రోడ్డు ఆపడం కుదరదని ఎవరైనా అంటే, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర మన ఊరి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదే 2024 మార్చిలో వాయుసేన రవాణా విమానాలను దించి చూపించిందని గుర్తు చేయాలి. విమానాల కోసం రోడ్డునే మూశారు. ఈ పిల్లలు అడిగేది ఎడమ పక్క ఒక్క వరస.

కళాశాలల గురించి కూడా ఒక మాట చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. నేను చెప్పిన ఆ కారు ఇప్పుడు కళాశాల వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. పోయిన నెల చూడటానికి వెళ్తే దాని నీడలో కుక్క ఒకటి పడుకుని ఉంది. చివరి సంవత్సరం పిల్లలకు మార్కులు పడ్డాయి, ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలిసిన ఇద్దరిలో ఒకడు హైదరాబాదులో, ఇంకొకడు పుణేలో ఉద్యోగం చేస్తున్నారు. కింది తరగతి పిల్లలు కొత్త కారు కోసం కొత్త దాతను వెతుకుతున్నారు. డెల్ఫ్ట్ జట్టులోని విద్యార్థులు చదువుకు ఒక ఏడాది విరామం ఇచ్చి పూర్తి కాలం కారు మీదే పనిచేస్తారు. మన పిల్లలు ఆటోనగర్‌లో ఒక మధ్యాహ్నం గడపాలన్నా 75 శాతం హాజరు లెక్క చూసుకోవాలి. ఏడాది సెలవు మన ఇళ్లలో ఏ తండ్రీ ఒప్పుకోడని నాకు తెలుసు, నేనైనా ఒప్పుకునేవాణ్ణి కాదు. వర్క్‌షాపులోనూ రోడ్డు మీదా గడిపిన గంటలను హాజరుగా లెక్కించడానికి, రెండో సంవత్సరం పిల్లలను జట్టులో చేర్చుకుని కారునూ దాని నోట్సునూ వాళ్లకు అప్పగించాకే మార్కులు వేయడానికి ఏ తండ్రి ఒప్పుదలా అక్కర్లేదు. ఆ నోట్సులో మొదటి పేజీలో ఉండవలసింది కారు ఫొటో కాదు, ఏ తేదీన, ఎంత ఎండలో, ఎన్ని కిలోమీటర్లు నడిచి, ఎందుకు ఆగిందన్న పట్టిక. మద్రాసు ఐఐటీ విద్యార్థులు 2023లో ఆగ్నేయ అనే సోలార్ కారును చూపించినప్పుడు మన దగ్గరా కొంత కదలిక వచ్చింది. ఆ ఊపు రిబ్బన్ల దగ్గరే ఆగిపోతోందన్నదే నా బాధ.

ఇక మీకు చేసుకునే మనవి. ఇకముందు ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరులు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: గ్రిడ్డు కరెంటుతో చార్జి చేయకుండా, ఒక్క రోజులో, ఈ కారు ఎంత దూరం పోయింది? జవాబు పన్నెండు కిలోమీటర్లయినా సరే, దాన్నే శీర్షికలో వేయండి. మరుసటి ఏడాది అదే కళాశాల ఇరవై అని చెప్పడానికి ప్రయత్నిస్తుంది.

షెడ్డులోని ఆ కారును ఈ చలికాలంలో మళ్లీ బయటకు తీయాలని రెండో సంవత్సరం పిల్లలు ఎనిమిది మంది అనుకుంటున్నారు. అనుమతి దొరికితే విజయవాడ నుంచి చిలకలూరిపేట దాకా, దొరక్కపోతే కళాశాల ఆవరణలోనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుట్లు లెక్కపెట్టుకుంటూ నడుపుతారట. మీ విలేకరిని పంపితే వెనక వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంచుతామని చెప్పమన్నారు. అయితే ఆయన పొద్దు పొడవక ముందే రావాలి. పొద్దు పొడుస్తూండగానే వాళ్లు ఫలకలను విప్పి తూర్పు వైపు వాల్చి పట్టుకుని నిలబడతారు, ఎనిమిదింటి దాకా బ్యాటరీలోకి వచ్చినంత వస్తుందని.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
పటమట, విజయవాడ