గాలి సెన్సర్‌ను వేడినీళ్లలో ముంచి చూస్తే చాలదు

సంపాదకులు గారికి,

ఎండలు ముదిరేకొద్దీ నగరంలోని గ్యారేజీలకు ఒకే తరహా ఫిర్యాదులు వస్తాయి. పికప్ లేదు, పెట్రోలు తాగేస్తోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వస్తోంది అని. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే సెన్సర్ మీద అనుమానం వస్తే, కొత్తది బిగించి బండి పంపేస్తున్నారు. ఆ కొత్తది ఈ బండికి సరిపోయేదేనా అని మీటరు పెట్టి చూసేవారు తక్కువ.

ఈ సెన్సర్‌లో ఉండేది చిన్న థర్మిస్టర్ పూస. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) 5 వోల్టులను ఒక రెసిస్టర్ గుండా దానికి పంపి, మధ్యలో నిలిచిన వోల్టేజీని తన పట్టికలో చూసుకుని డిగ్రీలు తేలుస్తుంది. మ్యాప్ సెన్సర్‌తో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) గాలిని లెక్కగట్టే ఇంజిన్లలో 30 డిగ్రీల దగ్గర 3 డిగ్రీలు తప్పు చదివితే ఇంధనం సుమారు 1 శాతం తప్పుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. బాష్ రకం సెన్సర్ 0 డిగ్రీల దగ్గర 5,896 ఓములు (నిరోధం కొలత), 20 దగ్గర 2,500 చూపాలి. జనరల్ మోటార్స్ (జీఎం) రకం అదే 0 దగ్గర 9,420, 20 దగ్గర 3,520 చూపుతుంది. 90 డిగ్రీలకు వచ్చేసరికి మాత్రం రెండూ 240 ఓముల చుట్టే ఉంటాయి! అంటే వేడినీళ్లలో ముంచి ‘బాగానే ఉంది’ అనేస్తే ఏ రకమో తేలనే తేలదు. జీఎం పట్టిక ఉన్న ఈసీయూకి బాష్ సెన్సర్ తగిలిస్తే, జనవరి పొద్దున 15 డిగ్రీల గాలిని అది 23 అనుకుంటుంది. వేడి గాలి పల్చన కాబట్టి పెట్రోలు తగ్గించి పోస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కి సరిదిద్దేదాకా బండి తడబడుతూనే ఉంటుంది.

కాబట్టి మూడు చోట్ల కొలవాలి. మొదటిది ఐసు. ఫ్లాస్కులో ఐసు పొడి నిండా వేసి, సందులు నిండేంత నీళ్లే పోసి కలుపుతూ ఉండాలి. అడుగున ఐసు లేకుండా నీళ్లు మిగిలితే అక్కడ 4 డిగ్రీల దాకా ఉండొచ్చు. కుల్ఫీ బండి ఐసు వద్దు, అందులో ఉప్పు ఉంటుంది, సున్నా కంటే కిందికి పోతుంది. రెండోది గది ఉష్ణోగ్రత: పక్కన నమ్మకమైన థర్మామీటరు పెట్టి అరగంట ఆగాలి, పూసను వేళ్లతో పట్టుకోకూడదు. మూడోది మరిగే నీళ్లు. మన హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటీ దాటగానే మరుగుతాయి. 100 అని రాసుకుంటే అక్కడే దాదాపు 2 డిగ్రీలు పోయినట్టు.

పూస బయటికి కనిపించే సెన్సర్‌ను బోరు నీళ్లలో నేరుగా ముంచొద్దు. ఆ ఉప్పునీళ్ల గుండా కరెంటు పారి ఓములు తక్కువ చూపుతుంది. పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, గాలి లేకుండా ఒత్తి ముంచాలి. అంకె కదలడం ఆగాకే రాసుకోవాలి. విడిగా కొని అమర్చుకున్న ఈసీయూ అయితే ఈ మూడు డిగ్రీలు–ఓముల జంటలూ అందులో ఎక్కించాలి, లోపలి రెసిస్టర్ విలువతో సహా (కొన్నింటిలో 2,490 ఓములు). కంపెనీ ఈసీయూ పట్టిక మన చేతిలో ఉండదు, అక్కడ సెన్సరే దానికి సరిపోవాలి.

సెన్సర్ మంచిదైనా కనెక్టర్ ముంచుతుంది. పిన్నులకు పచ్చటి చిలుము పట్టి 100 ఓములు కలిసిందనుకోండి. బాష్ రకంలో చలిలో అది ఒక డిగ్రీ కూడా కాదు. బానెట్ కింద 60 డిగ్రీల గాలి ఉన్నప్పుడు మాత్రం 5 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. పెట్రోలు ఎక్కువ పడుతుంది, స్పార్కు పడే టైమింగ్ తగ్గాల్సినంత తగ్గదు, నాకింగ్ మొదలవుతుంది. చలికాలమంతా దాక్కున్న లోపం మే నెలలో బయటపడేది ఇందుకే. ఈసీయూకి తగిలించే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తే వైరు తెగినట్టు, పీ0113 కోడ్ వస్తుంది. షార్టయితే పీ0112. ఇంజిన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేయగానే అంకె గెంతిందా? సెన్సర్ ఎర్త్ ఈసీయూకి కాకుండా ఇంజిన్ బాడీకి కలిపారని అనుమానించాలి.

రాత్రంతా ఆగిన బండిలో పొద్దున స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. గాలి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతలు రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. సిగ్నల్ దగ్గర ఎక్కిన అంకె, బండి కదిలాక కూడా చాలాసేపు దిగకపోతే కూలెంట్‌కు వాడే మూసిన ఇత్తడి సెన్సర్‌ను గాలికి బిగించి ఉంటారు.

రాణిగంజ్ ఆటో విడిభాగాల దుకాణాల వారికి మా విన్నపం: ఈ సెన్సర్ అమ్మేటప్పుడు 0, 20 డిగ్రీల ఓములు ప్యాకెట్ మీద రాసివ్వండి. బండి యజమానులు కూడా మార్చిన సెన్సర్ ఐసులో ఎన్ని ఓములు చూపిందో బిల్లు మీద రాయించుకోవాలి.

– కొందరు ఆటో ఎలక్ట్రీషియన్లు, హైదరాబాద్