2025-26 వార్షిక నివేదిక: రిజిస్టర్లో పేరు, చెరువు గట్టున పిల్లాడు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో గట్టిగా చెప్పుకోవలసింది బడి మానిన పిల్లల సంగతి ఒక్కటే. మిగతావి ముందే రెండు ముక్కల్లో ముగిస్తాను. రేవు దగ్గర సోలార్ దీపం వెలుగుతోంది. గ్రంథాలయం గదికి రేకులు మార్పించాం. వాన లోపల పడడం ఆగింది, చదివేవాళ్లు లోపలికి రావడం ఇంకా మొదలు కాలేదు. కార్తీక వనభోజనాలకు పోయినేటికంటే జనం ఎక్కువే వచ్చారు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఇక అసలు విషయం. దాన్ని మన తప్పుతోనే మొదలుపెట్టాలి.

పోయిన సర్వసభ్య సమావేశంలో లండన్‌లో ఉంటున్న మన సభ్యుడొకాయన ఫోన్లో మాట్లాడిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్‌లో పిల్లలు సరైన కారణం లేకుండా బడి ఎగ్గొడితే తల్లిదండ్రులకు జరిమానా వేస్తారనీ, 2024 ఆగస్టు నుంచి అది 160 పౌండ్లనీ, మొదటిసారైతే 21 రోజుల్లోపు కట్టినవాళ్లకు 80తో సరిపెడతారనీ, మూడేళ్లలో మూడోసారికి కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చనీ చెప్పారు. మనమంతా చప్పట్లు కొట్టాం. జూన్ 12న బళ్లు తెరిచాక ఆటోకి మైకు కట్టి, పిల్లల్ని బడికి పంపకపోతే చట్టప్రకారం జరిమానా పడుతుందని గోదావరి పాయల మధ్య ఉన్న మన లంకంతా చాటించాం. ఏ చట్టమో ఒక్కరూ చదవలేదు. ఆ మైకు కాగితం రాసింది కార్యదర్శినైన నేనే.

సరిగ్గా అదే రోజుల్లో, బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు ఖాతాల్లో పడింది. ఒక్కో బిడ్డకి 13,000 చేతికి, 2,000 బడి నిర్వహణకి. మన మైకు విన్నవాళ్లు ఆ డబ్బులోంచే జరిమానా కోసేస్తారనుకున్నారు. మర్నాడు ఏటిగట్టు మీద ఒక మామ్మగారు నన్ను నిలబెట్టి, "ఆ జరిమానా ఏదో నేనే కట్టేత్తాను గానీ, మావోణ్ణి పొద్దున్నే లేపి పడవెక్కించే పని మీరు చేత్తారాండి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం అమలాపురంలో వకీలుగా ప్రాక్టీసు చేసే మన సభ్యుడు మమ్మల్ని గ్రంథాలయం గదిలో కూర్చోబెట్టి 2009 విద్యాహక్కు చట్టాన్ని చదివి వినిపించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. 10వ సెక్షన్ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. అంతటితో ఊరుకుంటుంది, శిక్ష ఊసెత్తదు. 'నిర్బంధ విద్య' అనే మాటకు 8వ సెక్షన్ చెప్పే అర్థం వింటే మనలో చాలామందికి నోట మాట రాలేదు. పిల్లల్ని చేర్చుకోవడం, వాళ్లు రోజూ వచ్చేలా చూడడం, ఎనిమిదో తరగతి పూర్తి చేయించడం ప్రభుత్వం మీద నిర్బంధం. హాజరు కనిపెట్టి చూసే పని 9వ సెక్షన్ కింద స్థానిక సంస్థది. అంటే మనం మైకు పట్టుకుని బెదిరించాల్సింది మామ్మగారిని కాదన్నమాట.

ఇంకో ముచ్చట కూడా ఆయనే చెప్పారు. జాతీయ నాయకుడు గోపాలకృష్ణ గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్యకు బిల్లు పెడితే మరుసటి ఏడాది అది ఓడిపోయింది. బరోడా సంస్థానం మాత్రం 1906కే రాజ్యమంతటా అమలు చేసింది. దేశమంతటికీ హక్కుగా రావడానికి వందేళ్లు పట్టింది. ఆ దారిలో పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోదే.

జులై నుంచి పద్ధతి మార్చాం. బడిలో ఒక బిడ్డ వరసగా మూడు రోజులు కనబడకపోతే, మూడో రోజు సాయంత్రం మనవాళ్లు ఇద్దరు ఆ ఇంటికి వెళ్లడం. చేతిలో కాగితం ఉండకూడదు, అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎందుకు రాలేదు?

మామ్మగారి మనవడి జవాబు మేం ఊహించనిది. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. అక్కడి వాళ్లు పడుకున్నాకే ఆమెకు తీరిక. మనకంటే రెండున్నర గంటలు వెనకున్న ఊరు కాబట్టి ఆమె ఫోన్ చేసేసరికి ఇక్కడ ఒంటిగంట దాటుతుంది. పిల్లాడు అప్పటిదాకా మేలుకుని ఉంటాడు. పొద్దున్నే పడవ వెళ్లిపోతుంది. ఆమెతో మాట్లాడి ఫోన్లు శుక్రవారం సెలవు పూటకు మార్పించాం. ఇప్పుడు వాడు ఏడో తరగతి. గురువారం రాత్రి మాత్రం నిద్రపోడని మామ్మగారి ఫిర్యాదు.

రొయ్యల చెరువు కాపలాకి వచ్చిన ఒక వలస కుటుంబానిది వేరే కథ. నవంబరులో వచ్చారు, టీసీ లేదు. ఒక బడిలో "ఏడాది మధ్యలో కుదరదు" అన్నారు. టీసీ ఆలస్యమైందని, గడువు దాటిందని, వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని చట్టంలో ఉంది. ఆ సెక్షన్ల నకలు పట్టుకుని వెళ్లాం. వాదన పెట్టుకోలేదు, కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నాం. మధ్యాహ్న భోజనం గంట కొట్టే లోపే పిల్లవాడి పేరు ఎక్కింది. ఆ బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. మన లంకల గన్నవరం అన్నపూర్ణ పేరున్న చోట పిల్లాణ్ణి గుమ్మంలో నిలబెట్టడమేమిటని మావాళ్లలో ఒకరు బయటికొచ్చాక గొణిగారు.

రొయ్యల షెడ్డు విషయంలో మాత్రం సంఘంలోనే మాట తేడా వచ్చింది. పదమూడేళ్ల అమ్మాయి తల్లితోపాటు వెళ్లి తలలు తీసే పని చేస్తోంది. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 జరిమానా, లేదా రెండూ. సొంత ఇంటి పనిలో, అదీ బడి వేళల తర్వాతో సెలవుల్లోనో సాయపడడానికి మినహాయింపు ఉంది. మేం యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాం, ఆయన పిల్లల్ని రానివ్వడం మానేశారు. ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాల్సిందని ఇద్దరు సభ్యులు అభ్యంతరం రాయించారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లదే సరైన మాట. ఆ అమ్మాయి బడికొచ్చింది గానీ, షెడ్డులో కనబడిన మిగతా పిల్లలు ఎటు వెళ్లారో మనం కనుక్కోలేదు.

గమనించిన సంగతి ఇంకొకటి. బడి ఒక్కసారిగా ఎవరూ మానరు, సెలవుల్లోంచి తిరిగి రారు. ఆగస్టులో గోదావరి పోటెక్కి కాజ్‌వే మునిగినప్పుడు, అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటాక కూలిన కొబ్బరి చెట్లు తీసే కూలి దొరికినప్పుడు, సంక్రాంతి కోడిపందాల బరుల దగ్గర చిల్లర డబ్బు రుచి చూసినప్పుడు. సెలవులు ముగిసిన తొలి సోమవారం రేవులో నిలబడి లెక్కపెట్టడం అందుకే మొదలుపెట్టాం.

మనకు చేతకానిది తొమ్మిదో తరగతి. పద్నాలుగేళ్లు నిండగానే విద్యాహక్కు చట్టం చెయ్యి వదిలేస్తుంది. మగపిల్లలు దాళ్వా (రెండో పంట) కోతల వేళకు, ఆడపిల్లలు పెళ్లిచూపుల వేళకు జారిపోతున్నారు. ఇద్దరమ్మాయిల ఇళ్లకు వెళ్లాం. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే 2006 చట్టం కింద నేరమని చెప్పాం. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చి విన్నారు, రెండో ఇంట్లో వాకిట్లోంచే పంపేశారు. ఆ రెండో అమ్మాయి ఈ నివేదిక రాసే నాటికి బడికి రావడం లేదు. మహిళా పోలీసుకు తెలియజేశాం.

వచ్చే ఏడాదికి అడుగుతున్నది తక్కువే. ఉదయం ఏడున్నర పడవకు రేవులో నిలబడేందుకు వారానికి ఇద్దరు చొప్పున మనుషులు కావాలి. వేసవి సెలవుల తర్వాత మొదటి రెండు వారాలకు ఇప్పటిదాకా నాలుగు పేర్లే వచ్చాయి. మామ్మగారు ఐదో పేరుగా తన పేరు రాయమన్నారు, రాశాను.