లేహ్ వాతావరణం: ప్రయాణానికి ముందు ఒక మాట

సభ్యులందరికీ నమస్కారం. లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లడానికి ఏ నెల మంచిదని మనలో చాలామంది అడుగుతున్నందున ఈ వివరాలు రాస్తున్నాను. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణానికి నైరుతి మేఘాలు చేరకుండా హిమాలయాలు అడ్డుగా నిలవడం వల్ల, అక్కడ ఏడాది పొడవునా పడే వానా మంచూ కలిపినా దాదాపు 100 మిల్లీమీటర్లే. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఉతికి ఆరేసిన బట్టలు చూస్తుండగానే ఆరిపోతాయి, రెండో రోజుకే పెదవులు పగులుతాయి. జూలై, ఆగస్టుల్లో పగలు 25 డిగ్రీల వరకు ఎండ కాసినా రాత్రికి స్వెట్టర్ తప్పదు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీలకూ దిగువకు పడిపోవడంతో గొట్టాల్లో నీరు గడ్డకట్టి, చాలా హోటళ్లు మూతపడతాయి. ఆకాశం నిర్మలంగా ఉండే సెప్టెంబరే నా దృష్టిలో అన్నిటికన్నా మేలైన నెల. అయితే వానలు తక్కువన్న ధీమా వద్దు. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి చెట్టూ చేమా లేని కొండల నుంచి బురద వరదై దిగి 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ ఎత్తులో గాలి పలచగా ఉంటుంది కాబట్టి, ఏ నెలలో వెళ్లినా విమానం దిగాక మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలు టికెట్లు కొనకముందే డాక్టరును సంప్రదించాలని మనవి.